మౌఖిక చరిత్ర సేకరణ (గుంటూరు, ప్రకాశం ప్రాంతాలు)

ఊరి పెద్దల జ్ఞాపకంలో, గాయకుల గొంతులో నిలిచిన గతాన్ని విని, రాసి, ధ్వనిముద్రణ చేసి భద్రపరిచే పనిని మౌఖిక చరిత్ర సేకరణ అంటారు. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం నేలల్లో ఈ పని రెండు వందల ఏళ్లకు పైగా సాగుతోంది. ఎవరిని అడిగారన్నదాన్ని బట్టే ఏది కాగితానికెక్కిందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

తొలి పెద్ద ప్రయత్నం ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీది. అందులో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాళ్లు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. 1803లో బొర్రయ్య చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడిపించాడు. వీళ్ల మనుషులు ఊరూరా తిరిగి, ఊరి లెక్కలు రాసే కరణాల కవిలెలు (పాత దస్త్రాలు) చూసి, పెద్దలు చెప్పింది విని రాసినవే కైఫీయత్తులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరివి వంటి సంగతులన్నీ వాటిలో ఉంటాయి. గజపతుల మంత్రి గోపరాజు రామన్న నియోగి బ్రాహ్మణులకు కరణీకపు మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) ఇచ్చాడన్న కథ గుంటూరు సీమ కైఫీయత్తుల్లో పదేపదే వస్తుంది. చెప్పినవాళ్లు కరణాలే కాబట్టి, తమ హక్కుకు ఆధారమైన కథను వాళ్లు మరువలేదు. అయినా శాసనాలు దొరకని ఊళ్లకు చాలాచోట్ల ఇవే దిక్కు. 1821లో మెకంజీ మరణించాక సి.పి. బ్రౌన్ వీటికి నకళ్లు రాయించి తెలుగువాళ్లకు గొప్ప మేలు చేశాడు.

కరణం దస్త్రంలో చోటు దొరకని కులాలు తమ చరిత్రను పాటలో దాచుకున్నాయి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ కథను కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో పాడతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులకూ పేర్లున్నాయి. పాడే వీరవిద్యావంతులు మాలలు. యుద్ధంలో ఒక పక్షానికి నాయకుడైన బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్న మాల కన్నమదాసు ఈ కథలో మహావీరుడు. అందుకే వాళ్లు పాడుతున్నది ఎవరో రాజుల కథ కాదు, తమ సొంత కథ కూడా.

ఈ యుద్ధంపై శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యాన్ని పల్నాటి గుత్తికొండలో పుట్టిన అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి అచ్చు వేయించారు. అది తాళపత్రాల పాఠం. గాయకుల పాఠం పుస్తకమవడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ ధ్వనిముద్రణ చేసి, ఇంగ్లీషులోకి అనువదించి, సుదీర్ఘమైన అధ్యయనంతో కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించాడు. గాయకుడి పేరు చెప్పి, అతని పాఠాన్నే ప్రమాణంగా తీసుకోవడం ఈ కృషిలోని విలువ. అయితే గాయకులూ ఒక పక్షం వాళ్లే. వాళ్ల కథలో బ్రహ్మనాయుడి ప్రత్యర్థి నాయకురాలు నాగమ్మ పన్నాగాల మనిషిగానే మిగిలింది.

ప్రకాశం, నెల్లూరు వైపు గొల్లలకు కాటమరాజు కథ ఇలాంటిదే. నెల్లూరు పాలకుడు నల్లసిద్ధితో పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర వచ్చిన తగవు అందులో యుద్ధమవుతుంది. కొమ్ములవాళ్లు పాడే ఈ కథలను తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970లలో ప్రచురించింది. అలాంటి పుల్లరినే ఎదిరించి, 1922లో పల్నాటి మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆయన కథా జనం నోట పాటైంది.

ఆడవాళ్ల మాటను వాళ్ల నోటి నుంచే వినడం బాగా ఆలస్యంగా మొదలైంది. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ ప్రాంతాల గురించి కాక తెలంగాణ సాయుధ పోరాటం గురించినదే అయినా, ఆ మార్పును చూపిస్తుంది. టేపురికార్డరు ముందు కూర్చున్న స్త్రీలు అందులో పోరాటంతో పాటు అజ్ఞాతవాసంలో కాన్పుల గురించి, పిల్లల్ని వదులుకోవాల్సి రావడం గురించి, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్న కమ్యూనిస్టు పార్టీ గురించి చెప్పారు.