నిపుణుల పాలన, సామాన్యుల పాలన: ఓర్వకల్లు అనుభవం

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో, బండరాళ్ల నడుమ ఉన్న మెట్ట ప్రాంతం ఓర్వకల్లు. పాలన చదువుకున్న నిపుణులకే చేతనవుతుందా, సామాన్యులకూ చేతనవుతుందా అన్న ప్రశ్నకు ఈ మండలంలోని మహిళా పొదుపు సంఘాల చరిత్ర బలమైన జవాబు.

1959లో పంచాయతీరాజ్ వచ్చినా ఊరి అభివృద్ధి పనులు చాలాకాలం అధికారుల నిర్ణయంతోనే నడిచాయి. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పెట్టుకున్నారు. ఆ తర్వాత 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం చేపట్టిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చింది. అందులో ఓర్వకల్లు మండలమూ ఉంది.

అక్కడ పది పదిహేను మంది ఆడవాళ్లు కలిస్తే సంఘం, ఊరి సంఘాలు కలిస్తే గ్రామ సమాఖ్య, వాటన్నిటి పైన మండల సమాఖ్య. ఎవరి అవసరం ముందు, ఎవరికి ఎంత అప్పు, వాయిదా కట్టలేని ఇంటిని ఎలా ఆదుకోవాలి అన్నవి సభ్యులే కూర్చుని తేల్చుకునేవారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. పుస్తకాలు రాయడానికి బుక్‌కీపర్ ఉంటాడు కానీ, తీర్మానం చేసేది సభ్యులే. ఈ పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది: చదువుకున్నవాడిని కాదనలేదు, తమ మాటకు జవాబుదారీగా పెట్టుకున్నారు. పనికి పోయే పిల్లల్ని బడి దారి పట్టించడం కూడా సంఘాల పనే అయింది. ఓర్వకల్లులోని బాలభారతి పాఠశాల ఈ మండల సమాఖ్య నడిపేదే.

సామాన్యుల తీర్పుకు మరో ప్రయోగం 2001లో అప్పటి మెదక్ జిల్లా అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’. 1999లో మెకిన్సీ సంస్థ సాయంతో రాష్ట్ర ప్రభుత్వం తయారుచేసిన విజన్ 2020 అభివృద్ధి ప్రణాళికను చిన్న రైతులు అక్కడ విచారించారు. నిపుణులు సాక్షులు, రైతులు తీర్పరులు. సేద్యం మీద బతికేవారి సంఖ్య తగ్గించాలన్న ఆలోచననూ, జన్యుమార్పిడి పంటలనూ వారు తిరస్కరించారు. ఆ తీర్పును పాటించాల్సిన బాధ్యత మాత్రం ప్రభుత్వానికి లేదు. ఓర్వకల్లు సంఘాల తీర్మానం వెనుక సొంత పొదుపు డబ్బు ఉండేది, అందుకే అది అమలయ్యేది.

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, ‘వెలుగు’ పథకం మొదలయ్యాక ఈ నమూనా రాష్ట్రమంతటా పాకింది, 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కూ దారి చూపింది. పాకే కొద్దీ లక్ష్యాలు పైనుంచి వచ్చాయి. 2014 ఎన్నికల ముందు డ్వాక్రా (మహిళా పొదుపు సంఘాల) రుణమాఫీ హామీ వినగానే చాలా సంఘాల్లో వాయిదాలు ఆగిపోయాయి. అప్పు మాట సంఘం సమావేశంలోంచి ఎన్నికల సభకు వెళ్లిపోయింది.