‘వెయిల్డ్ రెబెకా’: మూలం, ప్రతి, ప్రామాణికత

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం సందర్శకులు తప్పక ఆగి చూసే పాలరాతి శిల్పం ‘వెయిల్డ్ రెబెకా’. దీని రూపకర్త ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని (1809–1873). సన్నని మేలిముసుగు మాటున ముఖకవళికలు కనిపిస్తున్నాయన్న భ్రాంతిని కలిగించడం దీని ప్రత్యేకత. నిజానికి ముసుగు, ముఖం ఒకే రాతిలోనివి. ముడతల లోతు, ఉపరితలపు నునుపు, వాటిపై పడే వెలుగునీడలే ఈ భ్రాంతికి కారణాలు.

ఇతివృత్తం బైబిల్‌లోని ఆదికాండం 24వ అధ్యాయానిది. ఇస్సాకుకు వధువుగా వస్తున్న రిబ్కా, దూరాన అతన్ని చూసి ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. బెంజోని ఈ ఘట్టాన్నే ఎంచుకున్నాడు. అంతకుముందే ఇటలీలో ముసుగు శిల్పాలకు ఒక సంప్రదాయం ఉంది. నేపుల్స్‌లో జుసెప్పె సమ్మార్తీనో 1753లో చెక్కిన ‘ముసుగులోని క్రీస్తు’ అందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

నిజాం రాజ్య దివాను మొదటి సాలార్‌జంగ్ 1876 ఐరోపా యాత్రలో రోము నగరంలో ఈ శిల్పాన్ని కొన్నాడు. బెంజోని అప్పటికి మూడేళ్ళ క్రితమే మరణించాడు. కనుక 1876 కొనుగోలు జరిగిన సంవత్సరమే తప్ప, బెంజోని స్వహస్తాలతో దీన్ని చెక్కిన సంవత్సరం కాజాలదు. పైగా ఈ రూపం హైదరాబాదుకే పరిమితం కాదు. అమెరికాలోని అట్లాంటా హై మ్యూజియంలో 1864 నాటి ప్రతి ఉంది. డెట్రాయిట్ కళాసంస్థలోనూ మరొకటి ఉంది.

ఈ ప్రతులను నకళ్ళుగా పరిగణించవచ్చునా? దీనికి సమాధానం నాటి కర్మాగార పద్ధతిలోనే లభిస్తుంది. శిల్పి మొదట బంకమట్టితో నమూనా చేసేవాడు. దాని నుంచి ప్లాస్టర్ ప్రతిరూపం తీసేవారు. దానిపై గుర్తించిన బిందువుల లోతులను కొలత పరికరంతో రాతిపైకి మార్చి, సహాయక శిల్పులు ఆ మేరకు రాతిని తొలిచేవారు. నగిషీ, మెరుగు చివరి దశలు. ప్లాస్టర్ ప్రతిరూపం ఉన్నంతకాలం కొత్త ప్రతులకు అవకాశం ఉండేది. అందువల్ల మూలమనదగినది ఏదైనా ఉంటే అది శిల్పి చేసిన నమూనాయే. పాలరాతి శిల్పాలన్నీ దాని రూపాంతరాలు. ఒకటి అసలు, మరొకటి నకలు అన్న విభజన ఇక్కడ వర్తించదు.

హైదరాబాదు ప్రతి విశిష్టతను దాని చరిత్రలో వెతకాలి. ముప్పావు శతాబ్దం పాటు ప్రభువంశీయుల సొత్తుగా ఉన్న ఈ శిల్పం, 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభం కావడంతో ప్రజల ముందుకు వచ్చింది. 1968లో మ్యూజియం మూసీ తీరాన ఉన్న నేటి భవనానికి తరలింది. శిల్పం లోకంలో ఒక్కటే అన్న ప్రచారం దీని విలువకు అవసరం లేదు. ఒకే నమూనా నుంచి పుట్టిన ప్రతులు వేర్వేరు ఖండాలకు ఎలా చేరాయో, ఒక దివాను అభిరుచి కాలక్రమంలో ప్రజల ఉమ్మడి ఆస్తిగా ఎలా మారిందో తెలిపే సాక్ష్యంగానే దీనికి చారిత్రక ప్రాధాన్యం ఉంది.