గ్యారంటీ: ఒక్క మాట, ఎన్ని అర్థాలు?

'గ్యారంటీగా వస్తా', 'ఈసారి గ్యారంటీగా పాసవుతాడు'. రోజూ మన నోట్లో నలిగే ఇంగ్లీషు మాట ఇది. ఇలా మాట్లాడేటప్పుడు దానికి 'తప్పకుండా' అనే అర్థం. రాకపోయినా ఎవరూ కోర్టుకు పోరు. ఇదే మాట బ్యాంకు కాగితం మీద ఉంటే మాత్రం సంగతి వేరు.

ముందు షాపు సంగతి. గ్యారంటీ, వారంటీ రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. పాత ఫ్రెంచిలో ఒక ప్రాంతం వాళ్లు 'గ'తో, ఇంకో ప్రాంతం వాళ్లు 'వ'తో పలికేవారు. ఇంగ్లీషు రెండిటినీ తీసుకుంది. మన దుకాణాల్లో గ్యారంటీ అంటే పాడైతే కొత్తది ఇస్తారని, వారంటీ అంటే రిపేరు చేసిస్తారని వాడుక. కార్డు మీద ఏం రాశారన్నదే అసలు లెక్క. బిల్లు పారేయకండి.

ప్రభుత్వ భాషలో ఇది 'హామీ'. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పేరులో ఉన్నది గ్యారంటీయే. 2023 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ 'ఆరు గ్యారంటీలు' అని ఇంగ్లీషు మాటనే ఉంచింది. చట్టంలో ఉన్న హామీని హక్కుగా అడగొచ్చు, ఎన్నికల గ్యారంటీని ఓటుతోనే అడగాలి.

ఇక అప్పు. ఇక్కడ గ్యారంటీ అంటే తెలుగులో పూచీకత్తు, ఉర్దూలో జమానత్. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 126వ సెక్షన్ ప్రకారం ఇందులో ముగ్గురుంటారు: అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, జామీనుదారు. 128వ సెక్షన్ బీకాంలో పరీక్ష కోసం బట్టీ పట్టేదే, కానీ బతుకులో పనికొచ్చేది అదే. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకీ అంతే.

'ఊరికే ఒక సంతకం భాయ్, సాక్షి లాంటిదే' అంటారు. కాదు. సాక్షి అప్పు కట్టక్కర్లేదు, జామీనుదారు కట్టాలి. 'ముందు వాడి దగ్గర వసూలు చేసుకోండి, తర్వాత నా దగ్గరికి రండి' అనడానికీ లేదు. బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో 1968లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. వాడు వాయిదాలు ఎగ్గొడితే మీ సిబిల్ రిపోర్టు కూడా దెబ్బతినొచ్చు, రేపు మీ ఇంటి లోనుకే అడ్డం పడొచ్చు.

జామీనుదారుకీ హక్కులున్నాయి. తాను కట్టిన సొమ్మును అప్పు తీసుకున్నవాడి నుంచి రాబట్టుకోవచ్చు. తనకు చెప్పకుండా షరతులు మారిస్తే, ఆ తర్వాతి లావాదేవీలకు బాధ్యత ఉండదు. అయితే చాలా బ్యాంకు ఫారాల్లో ఈ హక్కును ముందే వదులుకుంటున్నట్టు చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివాకే సంతకం పెట్టండి.

అరబీలో దీన్నే కఫాలా అంటారు. ఒక సహాబీ జనాజా ముందు ఆయన అప్పు సంగతి వస్తే, అబూ ఖతాదా (రజి) ఆ బాధ్యత తన మీద వేసుకున్నాకే ప్రవక్త (స) నమాజు చదివించారని హదీసుల్లో ఉంది. నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు తెలిసిన 'కఫీల్' కూడా ఈ మాట నుంచి వచ్చినవాడే. పేరుకు జామీనుదారు, చేతిలో ఉండేది మాత్రం మన వీసా.

ఇంకో సంగతి: 126వ సెక్షన్ ప్రకారం గ్యారంటీ కాగితం మీదే ఉండాలని లేదు, నోటిమాట కూడా చెల్లుతుంది. కిరాణా కొట్లో నలుగురి ముందు 'వాడికి అప్పివ్వండి, కట్టకపోతే నేను కడతా' అన్నా అది గ్యారంటీయే.