బొగ్గు బాయి ఇంగ్లిష్: మాటకు అర్థం వేరు, వాడుక వేరు

పోటీ పరీక్షల్లో 'ఇడియమ్స్ అండ్ ఫ్రేజెస్' కింద అడిగే మాటల్లో కొన్ని బొగ్గుతో ముడిపడినవే. రామగుండం, గోదావరిఖని పిల్లలకు బాయి సంగతులు ఇంట్లోనే తెలుస్తాయి. కాబట్టి వీటిని బట్టీ పట్టాల్సిన పని లేదు, వాడుక తెలిస్తే చాలు.

క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్: న్యూకాజిల్ ఇంగ్లండ్‌లో బొగ్గు ఎగుమతికి పేరుపడ్డ ఊరు. అక్కడికే బొగ్గు మోసుకెళ్తే ఏం లాభం? ఉన్నచోటికే మళ్లీ తీసుకెళ్లే వృథా పని అని అర్థం. మన దగ్గరైతే 'గోదావరిఖనికి బొగ్గు మోసినట్టు' అనుకోవచ్చు. దీన్ని 'హనుమంతుడి ముందు కుప్పిగంతులు'తో కలపొద్దు. అది తెలిసినోడి ముందు గొప్పలు పోవడం.

కెనరీ ఇన్ ద కోల్ మైన్: కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మనిషి కన్నా ముందు చిన్న పిట్టకు ఆ విషం ఎక్కుతుంది. శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ సూచనతో బ్రిటన్ గనుల్లో కెనరీ పిట్టలను వాడారు. 1986లో వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలు తెచ్చారు. ఇప్పుడు ఈ మాటకు అర్థం ముందస్తు ప్రమాద సూచన. ఒక వీధిలో నలుగురికి ఒకేసారి వాంతులైతే, తాగునీటి విషయంలో అది కెనరీయే.

ఎట్ ద కోల్‌ఫేస్: బొగ్గు తీసే చోటును సింగరేణిలోనూ 'ఫేస్' అనే అంటారు. ఆఫీసులో ప్లాన్ గీసేవారు కాదు, క్లాసులో పిల్లలతో వేగే టీచరే 'ఎట్ ద కోల్‌ఫేస్'. ఇది ఎక్కువగా బ్రిటిష్ వాడుక.

హాల్ ఓవర్ ద కోల్స్: గట్టిగా చీవాట్లు పెట్టడం. దీనికి గనితో సంబంధం లేదు. ఇక్కడ కోల్స్ అంటే మండే నిప్పులు.

సింగరేణి సొంత వాడుక

బాయి మీద ఇంగ్లిష్, ఉర్దూ పక్కపక్కనే నడుస్తాయి. సర్దార్, మజ్దూర్ ఉర్దూ నుంచి వచ్చినవి. 'బదిలీ' అంటే బయట ట్రాన్స్‌ఫర్. ఇక్కడ 'బదిలీ వర్కర్' అంటే రానివారి స్థానంలో పనిచేసే మనిషి. 'ప్లేడే' ఆటల రోజు కాదు, వారపు సెలవు. ఆ రోజు డ్యూటీ పడితే జీతం ఎక్కువ.

అన్నిటికన్నా బరువైన మాట 'మస్టర్'. సైన్యంలో హాజరు తీసుకునే పద్ధతి నుంచి వచ్చింది. ఇక్కడ ఒక రోజు హాజరు ఒక మస్టర్. 2025 వరకు అమల్లో ఉన్న 1952 మైన్స్ చట్టం ప్రకారం వేతనంతో కూడిన వార్షిక సెలవుకు భూగర్భ కార్మికులకు ఏడాదిలో 190, మిగతావారికి 240 హాజరులు ఉండాల్సి వచ్చేది. బదిలీ వర్కర్ పర్మనెంట్ కావాలన్నా ఈ లెక్కే చూస్తారు. అందుకే కొత్తగా బాయిలో చేరినవారు ముందుగా తెలుసుకోవాల్సిన ఇంగ్లిష్ మాట ఇదే.