ఇంటికొచ్చిన చదువు, ఇంట్లోనే ఉండిపోయిన చాకిరీ

పోయిన ఎండాకాలం గుంటూరు వెళ్లినప్పుడు అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక పాత చరిత్ర పుస్తకం దొరికింది. అట్ట మీద ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అని ఉంది. లోపల మార్జిన్ల నిండా అమ్మ పెన్సిల్ రాతలు. ఫ్రెంచి విప్లవం పాఠం పక్కన పాలవాడి లెక్క, కిరోసిన్, చాకలి పద్దు. నవ్వొచ్చింది. వెంటనే నా థీసిస్ గుర్తొచ్చింది. మూడో అధ్యాయం చిత్తు ప్రతిలో, పరిశోధన పద్ధతుల మధ్య "రేపు బాబుకి డెంటిస్టు, నాలుగింటికి" అని నేను టైపు చేసుకున్న వాక్యం అలాగే ఉండిపోయి గైడ్ దాకా వెళ్లింది. ఆ రోజు సిగ్గుపడ్డాను. అమ్మ పుస్తకం చూశాక ఆ సిగ్గు ఎందుకో ఆలోచించాలనిపించింది.

1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. జి. రామ్‌రెడ్డి తొలి వైస్ ఛాన్సలర్. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అప్పట్లో ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష పాసైతే చాలు, డిగ్రీలో చేరే వీలుండేది. పదో తరగతి కాగానే పెళ్లయిపోయిన అమ్మలాంటి వాళ్లకి అది చిన్న విషయం కాదు. ఆదివారాలు క్లాసులు. అవే చుట్టాలొచ్చే రోజులు కూడా. తెల్లవారుజామునే వంట ముగించి వెళ్లేది. ఎవరైనా అడిగితే నాన్న "ఏదో కాలక్షేపానికి చదువుతోందిలెండి" అనేవారు. ఆయన చెడ్డవాడు కాదు. ఫీజు ఆయనే కట్టారు. కానీ ఆ మాట అనకుండా ఉండలేకపోయారు.

నేను 2006లో హెచ్-4 వీసా మీద, అంటే ఉద్యోగం చేసే హక్కు లేని భార్యగా, టెక్సస్ వెళ్లాను. మాలో కొందరికి ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి 2015 మే నెలలో వచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచరునయ్యాను. 2020లో ఉద్యోగం చేస్తూనే విద్యాశాస్త్రంలో డాక్టరేట్, అక్కడివాళ్లు ఎడ్.డి. అంటారు, ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను. మా ఇంట్లో పార్టీకొచ్చిన ఒకాయన "మీ ఆవిడ హాబీ భలే ఖరీదైందే" అన్నాడు మా ఆయనతో. కాలక్షేపం ఇంగ్లీషులోకి మారింది, అంతే.

ఆ మాట ఎప్పటినుంచి ఉందో చూద్దామని వెనక్కి చదవడం మొదలుపెట్టాను.

1873లో బోస్టన్‌లో ఆనా టిక్నర్ అనే ఆవిడ, ఇంటి దగ్గరే చదువుకునేలా స్త్రీలను ప్రోత్సహించే సంఘం ఒకటి పెట్టింది. ఆవిడ తండ్రి జార్జ్ టిక్నర్ హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసినవాడు. ఆ హార్వర్డ్ తలుపులు మాత్రం స్త్రీలకు మూసి ఉండేవి. చదవాల్సిన పుస్తకాలు పోస్టులో వెళ్లేవి. నెలనెలా ఉత్తరాలు. ఇటు చదువుకునేవాళ్లూ స్త్రీలే, అటు ఉత్తరాలు రాసి చదివించేవాళ్లూ ఎక్కువగా స్త్రీలే. 1896లో ఆవిడ చనిపోయింది, మరుసటి ఏడు సంఘం మూతపడింది. ఆ ఇరవై నాలుగేళ్లలో ఏడువేల మందికి పైగా స్త్రీలు చదువుకున్నారు. ఇవాళ దూరవిద్య అని మనం అంటున్నదానికి పెద్దమ్మ ఎవరంటే ఆవిడ పేరే చెప్పాలి.

కానీ ఆ సంఘం డిగ్రీలు ఇవ్వలేదు. హడావిడి, ప్రచారం కోరుకోలేదు. చదువు ఇంట్లోకి రావచ్చు, దాన్ని పట్టుకుని ఆడది బయటికి రానక్కర్లేదు. ఇంటి ఏర్పాటుకి భంగం కలగనంత వరకూ, ఫలానా హోదా నాది అని అడగనంత వరకూ చదువుకో. టిక్నర్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ షరతు ఒప్పుకోకపోతే ఆ ఏడువేల మందికి ఆ పుస్తకాలు కూడా అందేవి కావేమో. అయితే ఆ షరతు ఆవిడతో పోలేదు.

రెండో పేరు ఎల్లా ఫ్లాగ్ యంగ్. 1862 నుంచి షికాగో బడుల్లో టీచరు. పాఠశాలల అధికారిగా ఉద్యోగం చేస్తూనే 1895లో జాన్ డ్యూయీ సెమినార్లకు వెళ్లడం మొదలుపెట్టింది. 1900లో, యాభై అయిదేళ్ల వయసులో, షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకుంది. 1909లో షికాగో పాఠశాలలన్నిటికీ సూపరింటెండెంట్ అయింది. అంత పెద్ద నగరంలో ఆ పదవి ఒక స్త్రీకి రావడం అదే మొదలు. ఆవిడ థీసిస్ పేరు 'ఐసొలేషన్ ఇన్ ద స్కూల్'. నిర్ణయాలు పైవాళ్లు చేస్తారు, టీచర్లు ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా వాటిని అమలు చేస్తారు, ఇది పోవాలి అని ఆవిడ వాదన. ఆవిడకు చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. చరిత్ర పుస్తకాలు దీన్ని ఒక విషాదంగా చెప్పి వదిలేస్తాయి. సాయంత్రం సెమినార్‌కి వెళ్లడానికి ఆవిడ ఎవరినీ అడగాల్సిన అవసరం లేకపోయిందని కూడా చెప్పాలి కదా?

1920లో హార్వర్డ్‌లో విద్యాశాస్త్ర విభాగం ఏర్పడింది. స్త్రీలను డిగ్రీకి చేర్చుకున్న మొదటి హార్వర్డ్ విభాగం అదే. అమెరికాలో ఎడ్.డి. అనే డిగ్రీ మొదలైందీ అక్కడే. దీనికీ పిహెచ్.డి.కీ తేడా ఏమిటన్న తగువు వందేళ్లుగా నడుస్తూనే ఉంది. పనిచేసేవాళ్ల డాక్టరేట్ కాబట్టి తక్కువరకం అనే చూపు ఒకటుంది. బడి పంతులమ్మల వృత్తికి చెందిన డిగ్రీకే ఆ మాట పడటం యాదృచ్ఛికం అని నేననుకోను. 2007లో అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు కార్నెగీ ప్రాజెక్టు పేరుతో కూడి, ఎడ్.డి. అంటే తన పనిలో ఎదురైన సమస్యను పరిశోధించే డాక్టరేట్ అని కొత్తగా నిర్వచించే పని మొదలుపెట్టాయి. ఉద్యోగం మానకుండా డాక్టరేట్ అనే ఆలోచనతో 1970లోనే వాల్డెన్ లాంటి సంస్థలు పుట్టాయి. తర్వాత ఇంటర్నెట్ వచ్చి దాన్ని వంటింటి బల్ల మీదికి తెచ్చింది.

ఆ బల్ల మీదే నాలుగేళ్లు గడిపాను. రాత్రి తొమ్మిదింటికి క్లాసు. తెర మీద పద్నాలుగు చతురస్రాలు, ఎక్కువమంది ఆడవాళ్లం, సగం కెమెరాలు ఆర్పేసి. ఎందుకు ఆర్పేశారో అందరికీ తెలుసు. ఒకామె ఒడిలో పిల్ల, ఇంకొకామె అత్తగారికి మందులిస్తూ. "ఎప్పుడైనా, ఎక్కడైనా" అని బ్రోచర్‌లో ఉన్న మాట చివరికి "అందరూ పడుకున్నాక, ఇంట్లో" అయింది. యంగ్ రాసిన ఒంటరితనం బడి గదిలోంచి మా గదుల్లోకి వచ్చింది. మాలో ఒకామె కోర్సులన్నీ ముగించి థీసిస్ దగ్గర ఆగిపోయింది. అప్పు మాత్రం ఆగలేదు.

మా పిన్ని కూతురు ఒంగోలులో డిగ్రీ కాలేజీ లెక్చరర్. "అక్కా, నేనూ నీలాగే ఆన్‌లైన్‌లో చేసెయ్యనా?" అని అడిగింది. చెయ్యొద్దన్నాను. ఇండియాలో దూరవిద్య పద్ధతిలో పిహెచ్.డి. కుదరదని యుజిసి 2009 నిబంధనలే చెప్పాయి. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పిహెచ్.డి.లకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యుజిసి, ఏఐసిటిఇ కలిసి హెచ్చరించాయి. డబ్బు పోగొట్టుకునేది మనలాంటివాళ్లే కాబట్టి ఆ హెచ్చరిక అవసరమే. ఆ తర్వాతి నెలలో వచ్చిన నిబంధనల ప్రకారం, పనిచేసే చోటి నుంచి అనుమతి పత్రం తెచ్చుకుంటే పార్ట్‌టైమ్ పిహెచ్.డి. చెయ్యొచ్చు. స్త్రీలకు గడువు మీద అదనంగా రెండేళ్లు, ప్రసూతికీ పిల్లల సంరక్షణకీ 240 రోజుల సెలవు ఉన్నాయి.

"ఆ రెండేళ్లు మనకెందుకు ఎక్కువిచ్చారక్కా?" అంది.

చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటి చాకిరీ ఆడదాని చదువులోంచి ఏళ్లకేళ్లు తినేస్తుందని ప్రభుత్వ పత్రం ఒప్పుకుంది. మంచిదే. కానీ తిన్నదెవరు అని అడగలేదు. గడువు పొడిగించింది గానీ చాకిరీ తగ్గించలేదు. 1873 నాటి ఉత్తరాలు, అమ్మ ఆదివారాలు, నా రాత్రి క్లాసులు, ఈ రెండేళ్లు, అన్నిటిదీ ఒకటే పద్ధతి. చదువుని ఇల్లు చేర్చడానికి నూట యాభై ఏళ్లుగా దారులు వెతుకుతున్నాం. ఇంటి పనిని పంచడానికి మాత్రం ఏ విశ్వవిద్యాలయమూ పథకం వెయ్యలేదు.

అమ్మ పుస్తకాన్ని నాతో తెచ్చుకున్నాను. నా థీసిస్ ముందుమాటలో గైడ్‌కీ కుటుంబానికీ పద్ధతి ప్రకారం కృతజ్ఞతలు చెప్పాను. ఇప్పుడు రాస్తే ఆ డెంటిస్టు వాక్యాన్ని తీసెయ్యను. ఈ పరిశోధన ఏ పరిస్థితుల్లో జరిగిందో చెప్పే ఆధారం అదొక్కటే. చరిత్ర రాసేవాళ్లకి రేపు అక్కరకొస్తుంది.