తూకము, వెల, నమ్మకము: బెంగుళూరు అంగడివీథుల చరిత్ర

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత అంగడికి పోవు ప్రతివానికిని అనుభవమే. వెల యనునది కేవలమొక అంకె కాదు. ఆ అంకె ఏ తూకమునకు చెప్పబడినదో, ఆ తూకము అమ్మువానికిని కొనువానికిని ఒకటియేనో కాదో తెలియనిచో, ఎంత చవుకవెలయైనను మోసమునకు తావిచ్చును. బెంగుళూరు అంగడివీథుల చరిత్ర ఈ సత్యమును చక్కగా బోధించుచున్నది. అన్యభాషాప్రాంతమున స్థిరపడిన మన కుటుంబములకు ఈ చరిత్ర తెలియుట మిక్కిలి అవసరమని మేము తలంచుచున్నాము.

1537లో కెంపెగౌడ నెలకొల్పిన పేటలో క్రమముగా ఒక్కొక్క సరకునకు ఒక్కొక్క వీథి ఏర్పడినది. బియ్యమునకు అక్కిపేట, రాగులకు రాగిపేట, దూదికి అరళెపేట, ధాన్యములకు తరగుపేట. ఒకే సరకు అమ్మువారు ఒకేచోట చేరుటచే, కొనువాడు నాలుగు అంగళ్లు తిరిగి వెలలు పోల్చుకొనుటకు వీలు కలిగెను. కన్నడిగులతోపాటు తెలుగు వర్తకులును ఈ పేటలలో తరతరములుగా వ్యాపారము సాగించిరి.

అయితే తూకముల సంగతి వేరు. మన తెలుగునాట 3 తులములు ఒక పలము, 8 పలములు ఒక సేరు, 5 సేర్లు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. ఈ లెక్కను సేరునకు 24 తులములు; మణుగు సుమారు 11 కిలోలు. మైసూరు సీమయందలి కచ్చా సేరును 24 రూపాయల తూకమే. ఉత్తరదేశపు పక్కా సేరో 80 తులములు. దాని మణుగు 37 కిలోలకు పైమాట. పేరొకటే, తూకము మూడింతలకు మించి భేదము! ధాన్యమును మానికతో కుప్పగా కొలుతురా, అంచునకు సమముగా గీచి కొలుతురా యన్నది మరియొక చిక్కు. 1800లో మైసూరు రాజ్యమున పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్ తాను చూచిన ఊళ్ల తూనికలను, కొలతలను వేరువేరుగా వ్రాసికొనవలసి వచ్చెను. స్థానికునకు ఈ భేదములు పుట్టుకతో తెలియును. క్రొత్తగా వచ్చినవాడు, బేరమాడుటకు భాష చాలనివాడు, ఎదుటివాని మాటనే నమ్మవలసియుండెను.

వ్రాసియుంచిన వెల పరదేశికి రక్ష యను సంగతి మన పూర్వులెరుగనిది కాదు. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. ఓడ చెడినవారి సరకును అపహరించు పాత ఆచారమును మాన్పి, ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే గ్రహింతునని ఆయన రాతిపై చెక్కించెను. కర్పూరము, చందనము మొదలగు సరకుల సుంకములును అందు వివరింపబడినవి. అది అంగడి వెలల పట్టిక కాకపోయినను, చెల్లింపవలసినదానిని ముందుగా తెలుపవలెనను ధర్మము రెండింటికిని ఒక్కటే.

స్వాతంత్ర్యానంతరము ఈ ధర్మము దేశమంతటికిని చట్టమైనది. 1956లో తూనికలు కొలతల ప్రమాణ చట్టము వచ్చెను. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చెను. 1958 అక్టోబరునుండి కిలోగ్రాము క్రమముగా అమలులోనికి వచ్చి, 1962 నాటికి తప్పనిసరియయ్యెను. కిలో ఎక్కడనైనను కిలోయే కనుక, క్రొత్తవానికిని పాతవానికిని భేదము తొలగినది.

ఆ రోజులలోనే, 1959లో, ఉద్యానశాఖకు చెందిన మరిగౌడగారి ప్రోత్సాహముతో బెంగుళూరు పరిసరముల ద్రాక్షతోటల రైతులు సహకార సంఘముగా ఏర్పడిరి. అదియే నేటి హాప్‌కామ్స్. రైతు సరకును నేరుగా కొని, ఆనాటి ధరల పట్టికను ప్రకటించి, నగరమందలి దుకాణములలో అమ్ముట దాని పద్ధతి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను రెండు బాధలకును ఒక్కటే మందు వేయ యత్నించిన సంస్థ యిది.

పొట్లముల కాలము వచ్చిన పిదప సమస్య రూపు మారినది. 1977 నియమములు పొట్లముపై తూకమును, వెలను ముద్రింపవలెననెను. 1990లో పన్నులన్నియు కలిపిన గరిష్ఠ చిల్లర వెలను ముద్రించుట విధింపబడినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము సరకు నాణ్యత, పరిమాణము, వెలలను తెలిసికొనుట కొనువాని హక్కని స్పష్టపరచెను. గరిష్ఠ వెలను సాధారణముగా నిర్ణయించునది తయారుచేసినవాడేగాని ప్రభుత్వము కాదు. అది పైహద్దు మాత్రమే; అంతకు తగ్గించి అమ్ముటకు ఏ అడ్డును లేదు. ఒకే సరకునకు రెండు గరిష్ఠ వెలలు ముద్రించుట 2018 జనవరినుండి నిషిద్ధము.

అయినను పాత సేరు క్రొత్త వేషమున తిరిగి వచ్చినది. పొట్లము అదే, వెల అదే; లోపలి గ్రాములు మాత్రము తగ్గును. అందుచేతనే 2022లో గ్రామునకో కిలోకో ఎంత పడునో ఆ వెలను కూడ ముద్రింపవలెనను నియమము వచ్చినది.

కావున మన ఇండ్లలోని వారందరును పొట్లముపై పెద్ద అంకెను గాక ఈ చిన్న అంకెను చూచుట అలవరచుకొనవలెను. రసీదు అడుగుటకు సంకోచింపరాదు. అన్యాయము జరిగినచో 1915 సంఖ్యకు టెలిఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపవచ్చును. మనవారిలో వర్తకులును అనేకులు కలరు. వెలను, తూకమును దాచని అంగడికి కొనువాడు మరల వచ్చును. ఆ నమ్మకమే వర్తకుని నిజమైన మూలధనము.