ఎండిన ఏటికి వరద లెక్క

ముసునూరు మండలం బలివేకి శివరాత్రి తిరునాళ్లకు వచ్చినవాళ్లకి తమ్మిలేరు పెద్ద ఏరులా కనిపించదు. ఖమ్మం వైపు పుట్టి, చింతలపూడి మీదుగా వచ్చి, ఏలూరు దగ్గర రెండుగా చీలి కొల్లేట్లో కలిసే ఈ ఏరు, తుపాను వాన పట్టుకుంటే మాత్రం రోడ్లెక్కి రాకపోకలు ఆపేస్తుంది. ఏడాదిలో చాలా నెలలు కొలవడానికి నీళ్లే చాలవు. కొలవాల్సిన రోజున ఒడ్డుకి పోవడమే కష్టం. మరి ఇలాంటి వాగు మీద వంతెనకి ఎన్ని ఖానాలు పెట్టాలో తేల్చేదెలా?

పూర్వం చెరువులు కట్టినవాళ్లు అలుగు వెడల్పుని అనుభవం మీదే వదిలారు. గండి పడితే, మళ్లీ కట్టేటప్పుడు అలుగు పెంచేవారు.

సూత్రాల రోజులు తెల్లవాళ్ల ఇంజనీర్లతో మొదలయ్యాయి. 1865లో ఉత్తరాదికి డికెన్స్ ఒకటి చెప్పాడు. 1884లో మద్రాసు ప్రెసిడెన్సీకి రైవ్స్ ఇంకొకటి ఇచ్చాడు. మన కోస్తా వాగులకు ఇప్పటికీ వాడేది ఈ రెండోదే. వాగులోకి నీరు దిగే పరీవాహక ప్రాంతాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాన్ని మూడింట రెండో ఘాతానికి ఎత్తి, ఒక గుణకంతో హెచ్చవేస్తే సెకనుకి ఇన్ని ఘనమీటర్లని వస్తుంది. అంతే. వాన ఎంత పడిందన్న ఊసే అందులో లేదు! వానా, నేలా, వాలూ అన్నీ ఆ ఒక్క గుణకంలో ఇమిడిపోవాలి.

ఆ గుణకం సముద్రం ఎంత దూరమన్నదాన్ని బట్టి మారుతుంది. ఇక్కడే తిరకాసు. ఒక పాఠ్యపుస్తకం తీరానికి 24 కిలోమీటర్లు దాటితే సుమారు 8.5 అంటుంది. మరొకటి 80 కిలోమీటర్ల దాకా 6.8 చాలంటుంది. బందరు తీరం నుంచి కొలిస్తే ముసునూరు ఈ రెండు గీతల మధ్యలో పడుతుంది. వంద చదరపు కిలోమీటర్ల వాగుకి మొదటి పుస్తకంతో 183 ఘనమీటర్లు, రెండోదానితో 146. చేతికందిన పుస్తకాన్ని బట్టి వరద పావువంతు పెరుగుతుంది, లేదా ఐదోవంతు తగ్గుతుంది.

అసలు వరద సూత్రం నుంచి ఇంకా ఎంత దూరం పోగలదో 1908 సెప్టెంబరు 28న మూసీ చూపించింది. హైదరాబాద్ ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయి. వరద సుమారు 4,25,000 క్యూసెక్కులని లెక్క తేలింది. రైవ్స్ సూత్రంలో కొండ ప్రాంతాలకిచ్చిన అతిపెద్ద గుణకం వేసినా అదే మూసీకి 62 వేల క్యూసెక్కులు దాటదు. చెరువులు తెగిన నీరు ఏ సూత్రంలోనూ ఉండదు మరి. తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. నిజాంసాగర్ కట్టించిన అలీ నవాజ్ జంగ్ పేరుతో దక్కనుకి వేరే సూత్రమే పుట్టింది. అందులో విస్తీర్ణం పెరిగేకొద్దీ ఘాతం తగ్గుతుంది. పెద్ద పరీవాహకమంతా ఒకేసారి కుండపోత కురవదు కదా.

సూత్రాన్ని నమ్మనివాళ్లు ఏట్లోకి దిగుతారు. వరద తీశాక తుమ్మకొమ్మలకి చిక్కిన గడ్డీ గాదం, పాత చప్టా గోడ మీది ఒండ్రు గీత, గుడి మెట్లలో నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే ముసలివాళ్ల మాట, అన్నీ లెవెలింగ్ పరికరంతో గుర్తిస్తారు. ఎగువ గుర్తుకీ దిగువ గుర్తుకీ ఉన్న ఎత్తు తేడాని వాటి మధ్య దూరంతో భాగిస్తే నీటి వాలు. ఏటికి అడ్డంగా కొలిస్తే కోత వైశాల్యం. ఐర్లండ్ ఇంజనీరు మానింగ్ 1889లో ఇచ్చిన సమీకరణంతో వేగం తెలుస్తుంది, దాన్ని కోత వైశాల్యంతో హెచ్చవేస్తే వరద. అడుగున శుభ్రమైన ఇసుక ఉందా, తుంగ, తూటికాడ బలిసిందా అన్నదాన్ని బట్టి వేగం బాగా మారుతుంది. అక్కడ కన్ను అలవాటుపడ్డవాడి అంచనాయే గతి.

1932లో అమెరికాలో షెర్మన్, పడిన వానకి ఏరు ఎలా పొంగి తగ్గుతుందో గీసే యూనిట్ హైడ్రోగ్రాఫ్ తెచ్చాక వానకి లెక్కలో గట్టి చోటు దొరికింది. దేశాన్ని 26 ఉపమండలాలుగా విడదీసి, కొలతలే లేని వాగులకి కూడా కేంద్ర జలసంఘం ఆ పద్ధతిలోనే దారి చూపింది. ఆ లెక్కల్లో కనిపించే యాభై ఏళ్ల వరద అంటే సరిగ్గా యాభై ఏళ్లకోసారి వస్తుందని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి రెండని. వరసగా రెండేళ్లూ రావచ్చు.

చివరికి చిన్న వంతెనలకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే పద్ధతి గమ్మత్తైనది. రెండు మూడు దారుల్లో లెక్కకట్టి పెద్దదాన్ని తీసుకోవాలి. అది తర్వాతి అంకె కంటే ఒకటిన్నర రెట్లు దాటితే, ఆ ఒకటిన్నర దగ్గరే ఆపేయాలి. వట్టి వాగు మీద డబ్బు వృథా కాకూడదన్న జాగ్రత్త అది. చిన్న వంతెనల నియమమే అయినా, దాన్ని రైవ్స్ అంకె పక్కన పెట్టి 1908 మూసీకి వేసి చూస్తే, 4,25,000 క్యూసెక్కులు 93 వేల లోపుకి దిగిపోతాయి.